అత్తయ్య, కానరీ, రాత్రి 11 దాకా లైటు

ప్రశ్న: మామగారు పోయి ఏడాది దాటింది. ఆయన పెంచుకున్న కానరీ పిట్టల జంటలో మగది కూడా పోయి, ఆడది ఒక్కటే మిగిలింది. పంజరం మీద అత్తయ్య ఎవర్నీ చెయ్యి వేయనివ్వరు. జత లేకపోయినా అది గుడ్లు పెడుతోంది. ఆవిడ చీర పీలికలు, దారాలు వేసి గూడు కట్టనిస్తారు, పెట్టిన గుడ్డు పెట్టినట్టే తీసేస్తారు. మర్నాడు ఇంకోటి. నిద్రపట్టక రాత్రి 11 దాకా పంజరం పక్కనే లైటు వేసుకుని కూర్చుంటారు. గింజల కోసం చిట్టెలుకలు పంజరంలో దూరుతున్నాయి. మా పాప పాకుతోంది, నేల మీద ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. ఓ రోజు విసిగిపోయి "ఈ పీడ ఎప్పుడు వదులుతుందో" అన్నాను. అప్పట్నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మా ఆయన "ఎలుకల మందు పెట్టేద్దాం" అని ఊరుకుంటారు. పిట్టను ఎవరికైనా ఇచ్చేయాలనిపిస్తోంది. తప్పా?

జవాబు: పాకే పిల్ల ఉన్న ఇంట్లో ఎలుకలు తిరుగుతుంటే ఏ తల్లికైనా ఒళ్లు మండుతుంది. అందులో మీ తప్పేమీ లేదు. కానీ ఆ 'పీడ' అన్న మాట మీరు ఎలుకల్ని అన్నారు, ఆవిడ చెవికి మామగారి పిట్టను అన్నట్టు, బహుశా తననే అన్నట్టు సోకింది. ఆ మాటకు క్షమాపణ చెప్పాలి. "నేను ఎలుకల గురించి అన్నాను, మీకు తప్పుగా తగిలింది" అని సంజాయిషీ ఇచ్చుకోవద్దు. "అత్తయ్యా, ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంటే చాలు.

ముందు మీవారి మందు సంగతి. వద్దు. ఎలుక ఆ మందును ఈడ్చుకెళ్లి ఎక్కడ పడేస్తుందో ఎవరూ చెప్పలేరు, అది పిట్టకు దొరకొచ్చు, పాపకూ దొరకొచ్చు. జిగురు అట్టలూ అంతే ప్రమాదం. పాప చెయ్యి చేరని చోట, రాత్రిపూట మాత్రమే బోను పెట్టండి. అయినా గింజలు దొరికినంతకాలం ఒకటి పోతే ఇంకోటి వస్తుంది. 6 మిల్లీమీటర్ల సందు చాలు చిట్టెలుక దూరడానికి. మామూలు పంజరం చువ్వల మధ్య అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అంతకంటే సన్నని కళ్ల ఇనుప జాలీ చుట్టించండి. పంజరాన్ని గోడకీ కర్టెన్లకీ దూరంగా వేలాడదీయండి. గుడ్డ కనిపిస్తే ఎలుక నిచ్చెన దొరికినట్టు ఎక్కేస్తుంది, కాబట్టి రాత్రి పంజరం మీద దుప్పటి కప్పడం కూడా మానేయండి.

అసలు మందు ఇంకోటుంది. కానరీ చీకట్లో తినదు. పొద్దుగూకగానే గింజల గిన్నె, కింది ట్రే తీసేసి, నేల ఊడ్చి, గింజల్ని మూతగట్టి రేకు డబ్బాలో పెట్టేస్తే పిట్టకు నష్టం లేదు. నీళ్లు ఉంచండి. తెల్లవారగానే మాత్రం గిన్నె తిరిగి పెట్టాలి, అంత చిన్న ప్రాణి ఆకలికి ఎక్కువసేపు ఆగలేదు. ఎలుకలు తొక్కిన గింజల్ని చెరిగి మళ్లీ వేయొద్దు, పారేయండి. వాటి మూత్రం, పెంటికల వల్ల సాల్మొనెల్లా లాంటి విరేచనాల క్రిములు పిట్టకూ పాపకూ కూడా అంటుకుంటాయి.

ఇదంతా అత్తయ్యకు "పాప కోసం" అని చెప్పకండి. మనవరాలికీ పిట్టకీ పోటీ పెట్టినట్టవుతుంది. రాత్రి ఎలుక కదిలితే పిట్ట బెదిరి చువ్వలకేసి కొట్టుకుంటుంది, రెక్కలు దెబ్బతింటాయి. ఆవిడకి అది చెప్పండి. నిజం కూడా అదే.

ఇక గుడ్లు. రాత్రి 11 దాకా లైటు అని మీరు మాటవరసకి రాసిన వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను. పగలు పెరగడమే కానరీకి గూడు కట్టే కాలం వచ్చిందన్న కబురు. ఆవిడ లైటు వేసుకున్నన్నాళ్లూ ఆ పిట్టకు పగలే. పైగా పీలికలు అందుతున్నాయి. జాలిపడి గుడ్డు తీసేయడం ఇంకా పొరపాటు: సాధారణంగా 3 నుంచి 5 గుడ్లు పెట్టి ఆగిపోయేది, లెక్క నిండలేదనుకుని పెడుతూనే ఉంటుంది. ప్రతి పెంకుకీ దాని ఒంట్లోని కాల్షియమే కరుగుతుంది. ఈసారి గుడ్లు వదిలేయండి. 13, 14 రోజులు పొదిగాక పిల్లలు రాకపోతే మెల్లగా దానికే మనసు విరుగుతుంది. అప్పుడు గుడ్లతో పాటు గూడు గిన్నె కూడా తీసేయండి. కటిల్‌బోన్ ముక్క (కాల్షియం కోసం పిట్టలు కొరుక్కునే తెల్లటి సముద్రజీవి ఎముక) ఎప్పుడూ పంజరంలో ఉండాలి. దారాలు మాత్రం ఈరోజే తీసేయండి, కాలికి చుట్టుకుంటే వేలు ఊడిపోతుంది. పిట్ట ఈకలు ఉబ్బించుకుని అడుగున కూర్చుని ముక్కుతుంటే గుడ్డు ఇరుక్కున్నట్టే, ఆరోజే పశువైద్యుడికి చూపించాలి. మగదాన్ని తెస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి, పిల్లలు, గింజలు, ఎలుకలు అన్నీ పెరుగుతాయి.

చీకటి పడ్డాక ఆ గదిలో లైటు ఉండకూడదు. ఒక్కసారిగా ఆర్పకుండా ముందు తగ్గించండి, పిట్ట తన కొమ్మ వెతుక్కోవాలి.

లైటు ఆర్పితే అత్తయ్య ఎక్కడ కూర్చుంటారు? మీ ఇంట్లో ఎవరూ వేసుకోని ప్రశ్న ఇదే. ఆవిడ కాపలా కాస్తున్నది పిట్టకు కాదమ్మా, నిద్రపట్టని రాత్రికి. అక్కడ ఉండాల్సింది మీవారు. భోజనాలయ్యాక ఆయన తల్లి దగ్గర అరగంట కూర్చోవాలి, ఫోను పక్కన పెట్టి. నాన్న పిట్టల గురించి అడిగితే ఆవిడే చెబుతారు. ఏడాది దాటినా నిద్ర అలాగే ఉంటే డాక్టరుకి చూపించడం కూడా కొడుకు పనే.

పిట్టను ఇచ్చేయడం ఇప్పుడు వద్దు. ఎప్పటికైనా ఆ మాట ఆవిడ నోటే రావాలి. ఈ సాయంత్రం గిన్నె, ట్రే తీసి శుభ్రం చేసే పని మీవారిది. పొద్దున్నే గింజలు పెట్టడం అత్తయ్యది, అది మీరు అడగండి: "అందరికంటే ముందు లేచేది మీరే, మీరైతేనే మర్చిపోరు."