వాలు ఇచ్చే ముందు వెనక గాలి చూడు

చిరంజీవి కిరణ్‌కు,

చర్లపల్లి మెషిన్‌కి టచ్‌ప్యానెల్‌ను డెస్క్‌లా వాలుగా పెట్టమని కస్టమర్ పట్టుబడుతున్నాడన్నావు. డ్రాయింగ్ పంపేలోపు ఇది చదువు.

నిటారుగా బిగిస్తే వెనక వేడి గాలి దానంతటదే పైకి పోతుంది. వాలు పెంచేకొద్దీ స్క్రీన్ వీపు కిందే చిక్కుకుంటుంది. అందుకే కొన్ని మోడల్స్ మాన్యువల్‌లో నిటారుగా అయితే 50 డిగ్రీల దాకా, వాలుగా అయితే 40 దాకానే అని ఉంటుంది. నువ్వు కొన్నదానికి ఎంత రాశాడో ఆ పేజీ తీసి చూడు. సేల్స్ వాళ్ల మాట మీద పోకు.

ఆ అంకె షెడ్డు లెక్క కాదురా, స్క్రీన్ వెనక బాక్సు లోపలి లెక్క. మే నెలలో మన రేకుల షెడ్లలో 40 మామూలే. పైగా అదే బాక్సులో మోటారు వేగం మార్చే డ్రైవ్ ఉందంటున్నావు. 7.5 కిలోవాట్ల డ్రైవ్ మూడు శాతం వేడిగా వదిలినా 225 వాట్లు. మూసిన బాక్సులో వంద వాట్ల బల్బులు రెండు వెలిగించి వదిలేసినట్టే. దాని నెత్తిన స్క్రీన్ పెడితే నిటారుగా ఉన్నా లాభం లేదు. డ్రైవ్‌ను వేరే బాక్సుకి మార్చు. కుదరకపోతే దాని వేడి వదిలే లోహపు రెక్కలు, అంటే హీట్‌సింక్ బయటికి వచ్చేలా బిగించు. ఎస్‌ఎంపీఎస్ (కరెంటును డీసీగా మార్చే సప్లై) కూడా స్క్రీన్ కింద వద్దు.

ఫిల్టర్ ఫ్యాన్ ఎంత పెద్దది వేసినా లోపలి గాలి షెడ్డు కన్నా చల్లబడదు. దుమ్ము పట్టాక అదీ ఉండదు. షెడ్డే 42 ఉంటే బాక్సుకి బిగించే ప్యానెల్ ఏసీ తప్పదు. దాన్ని 35 దగ్గర పెట్టు చాలు. ఇంట్లో ఏసీలా 22కి తిప్పితే వానాకాలంలో తలుపు తీసినప్పుడల్లా లోపల నీళ్లు పడతాయి.

అసలు వాలు ఎందుకో కస్టమర్‌ని అడిగావా? ఆపరేటర్ పొట్టివాడైతే స్క్రీన్‌ను కిందికి దించు, సరిపోతుంది. షెడ్డు పైన వెలుతురు రేకులుంటే వాలు స్క్రీన్ మీద పగలంతా మెరుపే, అంకెలు కనపడవు. రబ్బరు గ్యాస్కెట్ నలగకుండా క్లాంపులు సమంగా బిగించమని ఫిట్టర్‌కి చెప్పు. దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే ఐపీ65 రేటింగ్ ముందు వైపుకే.

ట్రయల్ రోజు థర్మామీటర్ ప్రోబ్‌ను స్క్రీన్ వెనక రెండంగుళాల దూరంలో వేలాడదీయి. తలుపు మూసి, మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు ఫుల్ లోడ్ మీద నడిపించు. వచ్చిన అంకె నాకు వాట్సాప్ చెయ్యి, వాలు సంగతి అప్పుడు తేలుద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య