సిస్ పాత్‌కి అతుకులు వద్దురా చిన్నా

చిన్నా,

నువ్వు పంపిన పైథాన్ ప్రాజెక్టు చూశాను. 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అని ఎర్రర్ వచ్చిన ప్రతి ఫైల్లోనూ పైన సిస్ పాత్ అపెండ్ అని ఒక లైను అతికించుకుంటూ పోయావు. సిస్ పాత్ అంటే పైథాన్ వెతికే ఫోల్డర్ల లిస్టు, ఆ లైను దానికి ఇంకో ఫోల్డర్ని కలుపుతుంది. అందులో నీ ల్యాప్‌టాప్ ఫోల్డర్ల పేర్లు కూడా ఉన్నాయి. సర్వర్ మీదికి ఎక్కించిన రోజున అవేవీ అక్కడ ఉండవు. ముందు ఆ లైన్లన్నీ పీకెయ్.

వేరే ఫైల్లోని కోడ్ కావాలని ఇంపోర్ట్ అనగానే పైథాన్ నీ ప్రాజెక్టంతా గాలించదు. సిస్ పాత్ లిస్టులో ఉన్న ఫోల్డర్లను వరసగా చూసి, ఆ పేరు ముందు ఎక్కడ తగిలితే అక్కడితో ఆగిపోతుంది. తిరకాసంతా ఆ లిస్టులో మొదటి చోటు దగ్గరే ఉంది. రిపోర్ట్స్ ఫోల్డర్లో ఉన్న ఫైలును దాని పాత్ ఇచ్చి నేరుగా నడిపావనుకో, మొదటి చోటు రిపోర్ట్స్‌కే వెళ్తుంది. నువ్వు టెర్మినల్లో ఏ ఫోల్డర్లో ఉన్నావో దానికి అనవసరం. అందుకే ఆ పక్కనున్న యుటిల్స్ దానికి కనబడలేదు. అదే ఫైలును ప్రాజెక్టు రూట్ నుంచి, అంటే అన్నిటికంటే పై ఫోల్డర్ నుంచి, పైథాన్ మైనస్ ఎమ్‌తో, స్లాష్‌ల బదులు చుక్కలు పెట్టి, చివర డాట్ పీవై లేకుండా నడిపి చూడు. మొదటి చోటు నువ్వున్న ఫోల్డర్‌కి వస్తుంది. 'నో నోన్ పేరెంట్ ప్యాకేజ్' అనే ఎర్రర్ గొడవ కూడా దీంతోనే పోతుంది.

శాశ్వతంగా కుదరాలంటే మాత్రం నీ కోడ్‌ని ప్యాకేజీ చెయ్, అంటే పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకునేలా. కోడంతా ఎస్ఆర్‌సీ అనే ఫోల్డర్‌లోకి మార్చు, రూట్‌లో ప్యాకేజీ వివరాలుండే పైప్రాజెక్ట్ డాట్ టామల్ ఫైలు రాయి, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టుకని విడిగా పెట్టుకునే పైథాన్) ఆన్ చేసి పిప్ ఇన్‌స్టాల్ మైనస్ ఈ, ఒక చుక్క కొట్టు. ఇక కోడ్‌లో ఏం మార్చినా మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. ఎస్ఆర్‌సీ ఎందుకంటావా? కోడ్ రూట్‌లోనే ఉంటే ఇన్‌స్టాల్ చెయ్యకపోయినా ఇంపోర్ట్ దొరికేస్తుంది, టెస్టులు పాసైపోతాయి, తప్పు సర్వర్ మీద బయటపడుతుంది.

సిస్ పాత్‌కి ఫోల్డర్లు కలిపే పైథాన్‌పాత్ వేరియబుల్ పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. టెర్మినల్లో పెట్టింది, టైముకి దానంతటదే నడిచే క్రాన్ జాబ్‌కి అందదు, జోలికి పోకు.

అన్నట్టు, నీ ఫైల్ ఒకదానికి ర్యాండమ్ అని పేరు పెట్టావు. పైథాన్ సొంత ర్యాండమ్ కంటే ముందు నీదే తగులుతోంది. 3.13 వెర్షన్ అయితే పేరు మార్చుకోమని ఎర్రర్‌లోనే చెబుతుంది, నీది పాతది.

ఇంతా చేశాక కూడా మొరాయిస్తే పైథాన్ మైనస్ ఎమ్ సైట్ అని కొట్టు, సిస్ పాత్ లిస్టంతా తెర మీద పడుతుంది. దాన్నీ, పూర్తి ఎర్రర్‌నీ కాపీ చేసి పంపు. స్క్రీన్‌షాట్ తీసి పంపకు, నా కళ్లకు ఆనడం లేదు.

మామయ్య