యుద్ధం జరుగుతుంటే ట్రైనింగ్‌లో ఉన్న పైలట్లనీ పంపిస్తారా?

తిరుపతిలో డిగ్రీ చదివే తమ్ముడొకడు అడిగాడు: యుద్ధం వస్తే ఎయిర్‌ఫోర్స్ ట్రైనీల పరిస్థితి ఏంటి, వాళ్లనీ పంపిస్తారా, రోజు ఎలా గడుస్తుంది అని.

పంపరు. 1999లో కార్గిల్ జరుగుతున్నప్పుడు నేను దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఫ్లైట్ కేడెట్‌ని. అప్పట్లో ముందు హెచ్‌పీటీ-32 అనే చిన్న పిస్టన్ ఇంజిన్ విమానం, తర్వాత కిరణ్ జెట్, ఆ తర్వాత ఫైటరా, ట్రాన్స్‌పోర్టా, హెలికాప్టరా అని విడగొట్టేవాళ్లు. వింగ్స్ (పైలట్ బ్యాడ్జ్) పెట్టుకున్నాక కూడా ఫైటర్ వాళ్లు తేజ్‌పూర్ వెళ్లి మిగ్-21 ఫైటర్ మీద మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాలి, స్క్వాడ్రన్‌లో, అంటే యుద్ధానికి వెళ్లే దళంలో చేరాక ఇంకా నేర్చుకోవాలి. మే 26న మన విమానాలు దాడులు మొదలుపెట్టాయి, జులై చివరికి యుద్ధమే అయిపోయింది, మేమేమో అప్పటికింకా విమానాన్ని రన్‌వే మీద తిన్నగా దించడం దగ్గరే ఉన్నాం! మమ్మల్ని పంపి ఉంటే మనవాళ్లకే ప్రమాదం.

రోజు మాత్రం యుద్ధమున్నా లేకున్నా ఒకటే. నాలుగింటికల్లా లేవాలి, మెట్ బ్రీఫింగ్‌లో, అంటే వాతావరణం గురించి చెప్పేచోట, గాలి ఎటు వీస్తోంది, మబ్బు ఎంత ఎత్తులో ఉంది రాసుకోవాలి, తర్వాత ఇన్‌స్ట్రక్టర్ అందరి ముందూ ఒకణ్ణి లేపి ఎమర్జెన్సీ చెక్‌లు (ప్రమాదమొస్తే వరసగా చెయ్యాల్సిన పనులు) అప్పజెప్పమంటాడు, ఒక్క మాట తడబడితే ఆ రోజు ఫ్లయింగ్ లేదు. హెచ్‌పీటీలో ఆయన సీటు మన పక్కనే, చెయ్యి వణికినా కనిపిస్తుంది. హాయిగా వెళ్తున్నప్పుడు ఉన్నట్టుండి థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే పిడి) వెనక్కి లాగేసి "ఇంజిన్ పోయింది, ఎక్కడ దించుతావ్?" అనేవాడు. కింద చూస్తే అన్నీ బండరాళ్లే, ఎక్కడో ఒక పొలం ముక్క. ఆ ఇంజిన్లు నిజంగానే ఆగిపోయిన సందర్భాలున్నాయి, చివరికి 2009లో ప్రమాదం తర్వాత ఆ విమానాల్ని పక్కన పెట్టేశారు. అందులో ఇజెక్షన్ సీటు, అంటే ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరేసే సీటు కూడా లేదు.

మా అందరి టెన్షన్ సోలో చెక్ గురించే, అంటే ఒంటరిగా విమానం నడపగలమా అని చూసే పరీక్ష. అందులో పనికిరాడంటే ఇంటికి పంపేస్తారు, సాయంత్రానికి పరుపు చుట్టేసి ఉండేది. కార్గిల్ గురించి భయపడే తీరిక ఎవరికుంది?

అయితే మే 27 తర్వాత మెస్‌లో వాతావరణం మారింది. ఆ రోజు మన పైలట్ నచికేత నడుపుతున్న మిగ్-27 ఇంజిన్ ఆగిపోయి, ఆయన పారాచూట్‌తో దూకేసి పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు. ఇంకో పైలట్ అజయ్ అహుజా చనిపోయారు. మర్నాడే ఎంఐ-17 హెలికాప్టర్ కూలింది. మా ఇన్‌స్ట్రక్టర్లు స్క్వాడ్రన్ల నుంచి వచ్చినవాళ్లే, వాళ్ల కోర్స్‌మేట్లు అక్కడ ఎగురుతున్నారు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు గానీ ఆ వారమంతా బ్రీఫింగ్‌లో ఇంజిన్ ఆగిపోతే ఏం చేస్తావన్న ప్రశ్నే. ఇన్‌స్ట్రక్టర్లలో చాలామంది వెనక్కి, స్క్వాడ్రన్‌కి వెళ్లిపోతే బాగుండునని చూసేవాళ్లు. మాకు పాఠాలు చెప్పడం వాళ్లకి శిక్షలా అనిపించిందేమో!

ఇంట్లోవాళ్లకి ఇదంతా చెప్పి ఒప్పించడం వేరే పని. ఆదివారం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే మా అమ్మ "నాయినా, నిన్ను గూడా ఆడికి పంపిస్తారంటనే?" అని ఏడుపు. నేను నడిపేది బాంబులేసే విమానం కాదంటే నమ్మలేదు. అలిపిరి నుంచి నడిచొచ్చి గుండు చేయించుకుంటాడని నా తరఫున మొక్కేసింది. సెలవుల్లో కల్యాణకట్టకు వెళ్తే అక్కడాయన నా కేడెట్ కటింగ్ చూసి "దీంట్లో తీసేదానికి ఏముంది సామీ" అన్నాడు.

నువ్వు నిజంగా వెళ్లాలనుకుంటే ఒక మాట. మా రోజుల్లో పీఏబీటీ అనే పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష ఉండేది, తర్వాత దాని స్థానంలో కంప్యూటర్ మీద చేసే సీపీఎస్ఎస్ వచ్చింది, అందులో ఒకసారి ఫెయిలైతే పైలట్ కావడానికి మళ్లీ అవకాశం ఇచ్చేవాళ్లు కాదు, ఇప్పటి నిబంధన ఏంటో చూసుకో. ఏఎఫ్‌క్యాట్ (ఎయిర్‌ఫోర్స్ ప్రవేశ పరీక్ష) పుస్తకాలు కొనేముందే ఊళ్లో కంటి డాక్టర్ దగ్గరికెళ్లి కలర్ విజన్ పరీక్ష చేయించుకో, నా స్నేహితుడొకడు అన్నీ పాసై బెంగళూరు మెడికల్స్‌లో దానితోనే ఆగిపోయాడు.