షాడోలాండ్స్: సినిమా కన్నా ముందే నాటకం

షాడోలాండ్స్ సినిమాకి ముందు నాటకం ఉందా, ఎవరెవరు ఆడారు అని అడిగారు. ఉంది. దానికీ ముందు 1985లో బీబీసీ టీవీ సినిమా ఒకటి వచ్చింది. అది రాసిన విలియం నికల్సన్ గారే దాన్ని రంగస్థలానికి తిరగరాశారు. 1989 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో మొదటి ప్రదర్శన, అదే నెలలో లండన్ క్వీన్స్ థియేటర్. ఇది నార్నియా అనే పిల్లల కథలు రాసిన సి. ఎస్. లూయిస్, ఆయన పెళ్ళాడిన అమెరికన్ కవయిత్రి జాయ్ డేవిడ్‌మన్‌ల కథ. లూయిస్‌గా నైజెల్ హాథార్న్, జాయ్‌గా జేన్ లాపొటేర్. మరుసటి ఏడాది నాటకం న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేకి వెళ్ళింది. అక్కడ జాయ్ పాత్ర జేన్ అలెగ్జాండర్‌ది. హాథార్న్‌కి అమెరికా నాటకరంగం ఇచ్చే టోనీ అవార్డు వచ్చింది కానీ 1993 సినిమాలో ఆ వేషం ఆంథనీ హాప్కిన్స్‌కి వెళ్ళింది. 2007లో లండన్‌లో చార్లెస్ డాన్స్, జేనీ డీ ఆడారు.

నేను చూసింది 2019లో, ఇంగ్లండ్‌లోని చిచెస్టర్‌లో, హ్యూ బోన్నవిల్, లిజ్ వైట్‌లతో. కథ నాకు తెలుసు. యాభై ఏడేళ్ళ బ్రహ్మచారి లూయిస్, 1956లో జాయ్ ఇంగ్లండ్‌లో ఉండిపోవడానికి వీలుగా ఆమెతో రిజిస్టర్ పెళ్ళి, ఆమెకి ఎముకల్లో క్యాన్సర్, 1957లో ఆసుపత్రి మంచం పక్కనే క్రైస్తవ పద్ధతిలో మళ్ళీ పెళ్ళి, 1960లో ఆమె మరణం. సినిమా రెండుసార్లు చూశాను కూడా. అయినా హాల్లో కూర్చుంటే వేరు. అక్కడి వేదిక జనం మధ్యకి చొచ్చుకొచ్చి ఉంటుంది. లూయిస్ నేరుగా మనతోనే ఉపన్యాసం మొదలుపెడతాడు: దేవుడికి మన మీద ప్రేమ ఉంటే ఇంత బాధ ఎందుకు? జవాబు ఆయన దగ్గర సిద్ధంగా ఉంటుంది. జాయ్ మంచాన పడ్డాక ఆ జవాబు ఆయనకే చాలదు.

అంతకు ముందు చలికాలంలో మా అమ్మ పోయింది. నేను నెల్లూరు చేరేసరికి అంతా అయిపోయింది. వచ్చినవాళ్ళంతా "మంచివాళ్ళని దేవుడు తొందరగా తీసుకెళ్ళిపోతాడమ్మా" అనేవాళ్ళు, నేను తలాడించేదాన్ని. జాయ్ పోయాక మిత్రులు అలాగే ఓదార్చబోతే లూయిస్ ఒప్పుకోడు. ఆ తర్వాత ఆమె కొడుకు, ఆయన ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. ఇంటి దగ్గర రాని ఏడుపు నాకు అక్కడ వచ్చింది.

జాయ్‌కి నిజానికి ఇద్దరు కొడుకులు. నాటకంలో డగ్లస్ ఒక్కడే ఉంటాడు. చాలామంది దీన్ని తప్పుపడతారు కానీ, ఆ దృశ్యానికి ఒక్క పిల్లాడే సరి అని నాకనిపిస్తుంది. ప్రదర్శన దొరక్కపోతే స్క్రిప్టు పుస్తకంగా వచ్చింది, అదైనా చదవండి. ఆ ఉపన్యాసాలు మాత్రం పైకి చదువుకోండి.