తురాయి మొక్క కొనే ముందు టేపు తీసుకుని జాగా కొలవండి

ప్రశ్న: మాది నంద్యాల. ఈమధ్యే 200 గజాల్లో ఇల్లు కట్టుకున్నాం, గేటు పక్కన ఒక పదడుగుల జాగా మిగిలింది. చిన్నప్పుడు మా స్కూల్ గ్రౌండ్‌లో తురాయి చెట్లుండేవి, ఎండాకాలం వస్తే కిందంతా ఎర్ర దుప్పటి పరిచినట్టుండేది, అప్పట్నుంచీ మనింట్లో ఒకటుండాలని నా కోరిక. మా ఆయనేమో గోడలు పోతాయంటున్నారు, నర్సరీ అతను ఏం కాదమ్మా పెట్టేయండి అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఆయన చెప్పిందే కరెక్టమ్మా. ఆ చెట్టంటే మీకెంత ఇష్టమో నాకూ అంతే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. చిన్నప్పుడు మొగ్గ ఒలిచి లోపలి కేసరాలు తీసి, చివరనుండే ఆ చిన్న తలలు ఒకదానికొకటి తగిలించి లాగేవాళ్లం, ఎవరి తల ఊడిపోతే వాళ్లు ఓడినట్టు, దాన్ని మేం కోడిపందెం అనేవాళ్లం. పువ్వుకి పది కేసరాలు, అంటే ఒక్క పువ్వుతో ఐదు పందేలు. రెక్కల్లో నాలుగు ఎర్రవి, ఐదోది మాత్రం తెల్లగా ఎర్ర చారలతో ఉంటది, అది నమిలితే పుల్లగా ఉండేది. అంత దగ్గరి చెట్టు కాబట్టే మనందరికీ ఇంట్లో పెట్టుకోవాలనిపిస్తది.

కానీ నర్సరీలో నల్ల కవర్లో రెండడుగులున్న మొక్కని చూసి చెట్టుని అంచనా వెయ్యకండి. పెరిగాక 30–40 అడుగుల ఎత్తు ఉంటది, అడ్డంగా అంతకంటే ఎక్కువే, గొడుగు విప్పినట్టు నాలుగు వైపులా పోతది. వేళ్లు లోతుకి దిగే రకం కాదు, భూమికి పైపైనే పాకుతూ చాలా దూరం పోతాయి, అక్కడక్కడా మట్టి పైకి కూడా తేలతాయి. పైపులో ఎక్కడైనా నీళ్లు కారుతున్నాయంటే ఆ తడి పట్టుకుని అక్కడికి చేరతాయి.

మా నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు కాంపౌండ్ వాల్‌కి ఎనిమిదడుగుల్లో పెట్టారు. పన్నెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు, వీధిలో అందరూ మా చెట్టు గుర్తు చెప్పి అడ్రస్ చెప్పేవాళ్లు. పదమూడో ఏడు గేటు గొళ్లెం పడటం మానేసింది, చూస్తే ఒక వైపు అంగుళం పైకి లేచింది. మేస్త్రీని పిలిస్తే పిల్లర్ పక్కన తవ్వి చూపించాడు, మనిషి తొడంత లావు వేరు పునాది రాళ్ల కిందకి దూరిపోయి ఉంది, రాళ్లు రెండు పక్కకి జరిగిపోయాయి. మరుసటి మే నెలలో గాలివానకి ఒక పెద్ద కొమ్మ విరిగి పక్కింటి రేకుల షెడ్డు మీద పడింది, ఆ టైంకి లోపల మనుషులు లేరు. ఇంక తప్పదని పర్మిషన్ తీసుకుని కొట్టించాం. ఆ రోజు మా అమ్మ గదిలోంచి బయటకి రాలేదు, మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. మేం పెట్టిన చోటు తప్పు, శిక్ష మాత్రం చెట్టుకి పడింది. ఇంకో ఇంట్లో అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నా.

ఇంటి గోడకి, కాంపౌండ్ వాల్‌కి, సంపుకి, సెప్టిక్ ట్యాంకుకి కనీసం 25 అడుగుల దూరం ఉంటేనే పెట్టండి, పైన కరెంటు తీగలు అసలు ఉండకూడదు. మీ పదడుగుల్లో రత్నగంధి పెట్టుకోండి, ఆకు చూడ్డానికి తురాయిలాగే ఉంటది, ఎరుపు పసుపు కలిసిన పూలు ఏడాదిలో చాలా నెలలు పూస్తాయి, మనిషి ఎత్తు దాటి పదడుగుల దగ్గర ఆగిపోతది. ఎరుపే కావాలని పట్టులేకపోతే దేవకాంచనం కూడా బాగుంటది.

ప్రశ్న: మహబూబ్‌నగర్ దగ్గర మాకు అర ఎకరం తోటుంది. దారి మలుపులో తురాయి పెడదామనుకుంటున్నా. గింజ నాటితే వస్తదా, మొక్క కొనాలా?

జవాబు: మీ దగ్గర జాగా ఉందండీ, హాయిగా పెట్టండి. గింజ నుంచి సులువుగానే వస్తది. ఎండిన కాయలు, అవే పిల్లలు కత్తులాట ఆడుకునే అడుగున్నర పొడవు నల్ల కాయలు, కొట్టి తీస్తే గింజలు రాయిలా ఉంటాయి, అలాగే మట్టిలో పడేస్తే నెలలు గడిచినా మొలవవు. గింజ ఒక పక్క గరుకు బండ మీద లోపలి తెల్లదనం కనిపించేదాకా రుద్ది, గోరువెచ్చని నీళ్లలో వేసి ఒక రోజు వదిలెయ్యండి. ఉబ్బినవే కవర్లలో పెట్టండి, వారం పది రోజుల్లో మొలకొస్తది. ఉబ్బనివి మళ్లీ రుద్దండి.

గుంత మాత్రం ఇప్పుడే ఎండల్లోనే తవ్వించి పెట్టుకోండి, మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. మట్టి ఎండకి ఎండనివ్వండి. బాగా మాగిన పశువుల ఎరువు రెండు గంపలు, దోసెడు వేపపిండి ఆ మట్టిలోనే కలిపి నింపి, మంచి వాన ఒకటి రెండు పడ్డాక నాటండి. మీ ఎర్ర నేలలు దీనికి బాగా నప్పుతాయి, నీళ్లు నిలబడే పల్లం మాత్రం వద్దు. మొదటి రెండు ఎండాకాలాలు వారానికోసారి మొదలంతా తడిసేట్టు పొయ్యండి, రోజూ చెంబెడు పొయ్యడం వల్ల వేళ్లు ఇంకా పైపైకే వస్తాయి.

ముఖ్యమైన పని ఇంకొకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మొక్క మూడు నాలుగడుగులు రాగానే కొమ్మలు చీలడం మొదలెడతది, ఎనిమిది తొమ్మిదడుగుల వరకు ఒకే కాండం పోయేలా పక్క కొమ్మలు చిన్నప్పుడే తీసేస్తూ ఉండండి. రెండు కొమ్మలు ఇరుగ్గా పంగలా చీలితే ఒకటి తీసెయ్యండి, మా ఇంట్లో గాలికి చీలింది సరిగ్గా అలాంటి పంగ దగ్గరే. దీని కర్ర పెళుసు, పెద్దయ్యాక సరిదిద్దలేం.

ప్రశ్న: మాది రాజమండ్రి. ఆరేళ్లయింది తురాయి పెట్టి, ఏపుగా ఉంది గానీ ఒక్క పువ్వూ లేదు. పక్కనే లాన్ ఉంది, రోజూ తడుపుతాం.

జవాబు: ఆ లాన్ నీళ్లే కారణం అయ్యుండొచ్చు. తురాయిది మడగాస్కర్ దీవి, ఏడాదిలో కొన్ని నెలలు వాన చుక్కే పడని చోటు నుంచి వచ్చిన చెట్టు. ఎండకి ఆకు రాల్చి, బోడిగా నిలబడి, అప్పుడు పూస్తది. మీరు ఏడాది పొడుగునా నీళ్లు, బహుశా లాన్‌కి వేసే యూరియా కూడా ఇస్తుంటే ఆకు మీదే పడతది. సంక్రాంతి నుంచి ఆ వైపు నీళ్లు తగ్గించండి, యూరియా ఆపెయ్యండి. పైగా గింజ మొక్కకి ఆరేళ్లు పెద్ద వయసేం కాదు, కొన్ని ఎనిమిది పదేళ్లు కూడా తీసుకుంటాయి. రోజంతా ఎండ పడుతోందో లేదో కూడా చూస్కోండి.

ప్రశ్న: ఎర్ర తురాయి అని కొన్నాం, పసుపు పూలు పూసింది. మోసపోయామా? (వరంగల్ నుంచి)

జవాబు: అది పచ్చ తురాయి అయ్యుంటదండీ, వేరే చెట్టు, మొక్కప్పుడు ఆకు చూసి చెప్పడం కష్టం. పూలగుత్తులు నిటారుగా నిలబడి, మొగ్గలు తుప్పు రంగులో ఉండి, కాయలు పొట్టిగా పలచగా రాగి రంగులో ఉంటే అదే. మంచి నీడ చెట్టు, తీసెయ్యకండి. పసుపు పూల తురాయి కూడా ఉంది గానీ అరుదు, దాని కాయ మాత్రం మామూలు తురాయిలాగే పొడుగు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఇండియా నుంచి గింజలు తెచ్చి పెరట్లో పెంచొచ్చా?

జవాబు: నేల మీద వద్దమ్మా. మంచు పడితే తట్టుకోలేదు, 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో పడిన చలి మీకు గుర్తుండే ఉంటది. గింజలు కూడా ఇక్కడ్నుంచి పట్టుకెళ్లకండి, వాటికి అక్కడ రూల్స్ ఉంటాయి, ఫ్లోరిడాలో ఈ చెట్లు బోలెడున్నాయి కాబట్టి అమెరికాలోనే దొరుకుతాయి. పెద్ద కుండీలో పెట్టి చలికాలం లోపలికి తెచ్చుకుంటే ఆకు అందం చూస్కోవచ్చు, పూల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: విజయవాడలో మా అపార్ట్‌మెంట్ ముందు ముప్పై ఏళ్ల తురాయుంది. మొన్న గాలికి కొమ్మ పడిందని కమిటీ వాళ్లు తల నరికించాలంటున్నారు, కొందరు మొత్తం కొట్టించాలంటున్నారు. కాపాడే దారుందా?

జవాబు: తల నరికించడం మాత్రం ఒప్పుకోకండి, దయచేసి. నరికిన చోట పుల్లలు గుంపుగా లేస్తాయి, అవి పైపై బెరడుని పట్టుకునుంటాయి, నాలుగేళ్లకి లావెక్కి అవే విరిగి పడతాయి. అప్పుడు చెట్టు ఇప్పటికంటే ప్రమాదం. ఎండు కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునేవి, మేడ మీదకి వాలినవి మాత్రమే, కొమ్మ పుట్టిన చోట ఉబ్బు వదిలి తీయించండి. తీగల దగ్గరవి కరెంటోళ్లతో సప్లై ఆపించాకే ముట్టుకోవాలి.

కొట్టించడం సంగతికొస్తే, 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది, కమిటీ తీర్మానం చేసినంత మాత్రాన చెట్టు కొట్టడానికి లేదు, ముందు పర్మిషన్ సంగతి ఆఫీసులో కనుక్కోమనండి. కానీ మీరు కూడా ఒకటి చూడాలి. మొదలు చుట్టూ వంగి వెతకండి, చెక్కలా గట్టిగా ఉండే గోధుమ రంగు పుట్టగొడుగు బెరడుకి అంటుకుని గూడులా కనిపిస్తే లోపల వేరు కుళ్లుతున్నట్టే, అప్పుడు కమిటీ వాళ్ల భయంలో న్యాయముంది. మొదలు మీద సుత్తితో తట్టితే డొల్ల శబ్దం వస్తుందేమో వినండి. చాలాచోట్ల మొదలు దాకా సిమెంట్ పోసేస్తారు, మీ దగ్గరా అలా ఉంటే నాలుగడుగుల మేర పగలగొట్టించి మట్టి కనపడనివ్వండి. ఈ మూడూ వానలు మొదలవ్వకముందే చూసి, మొదలు ఫొటోలు నాలుగు వైపుల నుంచీ తీసి పంపండి, పుట్టగొడుగు ఉందో లేదో చూసి చెప్తాను.