రేవులో డీజిల్ తెట్టెకు మందు

ప్రశ్న: కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట, బోట్లు ఆపే ఒడ్డున నీటి మీద తరచూ డీజిల్ తెట్టె కనబడుతోంది. విదేశాల్లో రేవులు ఎవరి బలవంతమూ లేకుండా కాలుష్యాన్ని తగ్గించుకునే పథకాలున్నాయని చదివాను. అవి మనకు పనికివస్తాయా?
– ఒక పాఠకుడు, గార మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తప్పకుండా పనికివస్తాయి, అయితే ఒడ్డున ముందుగా ఏర్పాట్లు ఉండాలి. అమెరికాలో మేరీలాండ్ వంటి రాష్ట్రాలు షికారు పడవల రేవుల కోసం ‘క్లీన్ మెరీనా’ పథకాలు నడుపుతున్నాయి. రేవు యజమాని హామీపత్రం మీద సంతకం చేసి, ఇచ్చిన పట్టిక ప్రకారం తన రేవును తానే పరిశీలించుకుని లోపాలు సరిదిద్దుకున్నాక, పథకం వారు వచ్చి చూసి ధ్రువపత్రమూ జెండా ఇస్తారు. చట్టాలు ఎలాగూ ఉంటాయి. ఇది వాటికి అదనం. మన విశాఖ రుషికొండ తీరానికి 2020లో దక్కిన ‘బ్లూ ఫ్లాగ్’ కూడా స్వచ్ఛందంగా కోరి తెచ్చుకునే గుర్తింపే. దాన్ని రేవులకూ ఇస్తారు, ఏటేటా నిలబెట్టుకోవాలి.

మీరు చూసే తెట్టెలో చాలా భాగం బోటు అడుగున ఊరే నీటితో వస్తుంది. ఇంజను నుంచి కారిన నూనె ఆ నీటిలో కలుస్తుంది, నీటిని తోడి పారబోసినప్పుడు అదీ రేవులో పడుతుంది. నూనెను పీల్చుకుని నీటిని పీల్చని పాలీప్రొపిలీన్ గుడ్డను ఇంజను కింద పరిచి, తోడేముందు తీసేస్తే చాలావరకు ఆగుతుంది. తెట్టె కనబడకుండా సబ్బు నీళ్లు పోయడం మాత్రం ఎంతమాత్రమూ తగదు: నూనె ఎక్కడికీ పోదు, సన్నని బిందువులుగా విడిపోయి నీటిలో కలిసి చేపగుడ్లకూ చేపపిల్లలకూ మరింత హాని చేస్తుంది, ఆపైన దాన్ని ఎత్తి తీయడమూ సాధ్యం కాదు.

మార్చిన ఇంజనాయిలును పోయడానికి ఒడ్డున మూత ఉన్న పీపా లేకపోతే, ఎంత మంచి మత్స్యకారుడైనా దాన్ని ఎక్కడ పోస్తాడు? అందుకే హామీపత్రం కన్నా ముందు పీపా రావాలని నా గట్టి అభిప్రాయం. పీపా నిండాక ఆ నూనెను అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే ఇవ్వాలి. చిరిగిన వలలకూ ఒక చోటు కేటాయించాలి. ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు వాటిలో చిక్కుకుంటాయి.

మొదలుపెట్టడానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధకాలం అనువైనది. బోట్లు ఒడ్డుకెక్కి మరమ్మతులు జరిగేది అప్పుడే కనుక, రంగు గీకేటప్పుడు కింద టార్పాలిన్ పరిచి, రాగి కలిసిన ఆ పొట్టును పోటు నీటికి అందకుండా మూటగట్టడం నుంచి మీ మత్స్యకార సంఘం ఆరంభించవచ్చు.