పాత జీపుకి వెనక కట్టలు (పట్టీల స్ప్రింగులు) తీసి కాయిల్ స్ప్రింగులు వేయాలంటే ఏ బండివి సరిపోతాయి?

కావలి దగ్గర మీ పాత మహీంద్రా జీపుకి ఏ బండి స్ప్రింగులు పడతాయని అడిగారు. బరువు తెలియకుండా బండి పేరు చెప్పి స్ప్రింగు కొనడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉంటుంది. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న మా బామ్మర్ది జీపుకి ఇదే పని చేయించాం, కాబట్టి చెబుతున్నాను.

ముందు రైసు మిల్లు కాటాకి వెళ్లండి. వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలిపి ఖాళీగా ఒకసారి, మామూలుగా వేసే లోడుతో ఇంకోసారి తూయించండి. లారీల కాటా కదా, పది ఇరవై కిలోలు అటూ ఇటూ అయినా పర్లేదు.

వెనక ఖాళీగా 700 కిలోలు వచ్చిందనుకోండి. హౌసింగ్ (వెనక ఇరుసు ఉండే గొట్టం), చక్రాలు, బ్రేకులు ఒక 150 అనుకుంటే ఆ బరువు స్ప్రింగు మోయదు. మిగిలిన 550లో ఒక్కో పక్కకి 275. పాతిక కిలోల మేత మూటలు పదహారు వేస్తే, అంతా వెనకే పడిందనుకున్నా, పక్కకి ఇంకో 200. ఆ లోడుకి బండి 60 మిల్లీమీటర్లకు మించి కుంగకూడదంటే, మిల్లీమీటరుకి 3.3 కిలోల గట్టితనం కావాలి, అంటే ఒక్కో మిల్లీమీటరు నొక్కడానికి 3.3 కిలోలు పట్టాలి. ఆ స్ప్రింగు ఖాళీ బండికే 83 మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. బిగించాక ఖాళీ బండిలో స్ప్రింగు ఉండాల్సిన ఎత్తుకి ఆ 83 కలపండి, విడిగా ఉన్నప్పుడు ఉండాల్సిన పొడవు అదే. లోడుతో గుంతలో పడ్డా చుట్లు ఒకదానికొకటి తగలకముందే బంప్ స్టాపు (హౌసింగ్ మరీ పైకి రాకుండా అడ్డుకునే రబ్బరు దిమ్మ) ఆపాలి.

ఆటోనగర్‌లో ఒకాయన పాత స్ప్రింగు చూపించి, "ఎత్తు ఎక్కువైతే ఒక చుట్టు కోసేద్దాం సార్" అన్నాడు. కోస్తే ఎత్తు తగ్గడంతో పాటు స్ప్రింగు గట్టిపడుతుంది కూడా. పనిచేసే చుట్లు (బరువుకి నొక్కుకునేవి) 8 ఉంటే ఒకటి పోయేసరికి 14 శాతం పెరుగుతుంది. గ్యాస్‌తో కోస్తే ఆ వేడికి అక్కడి ఉక్కు పదును పోతుంది. కడ్డీ లావు దగ్గర ఇంకా మోసపోతాం. 12 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 13ది వస్తే, మిగతావన్నీ అవే అయినా, 38 శాతం గట్టి. అందుకే తుప్పూ రంగూ గీకి వెర్నియర్‌తో కొలిచే తీసుకున్నాం. బిగించాక మూటలు వేసి టేపు పెడితే లెక్కకి దగ్గరగానే కుంగింది.

అసలు ఖర్చు స్ప్రింగుల్లో లేదు. కట్టలు బరువు మోయడంతో పాటు హౌసింగ్‌ని కదలకుండా పట్టుకుంటాయి, కాయిల్ ఆ పని చేయదు. హౌసింగ్ ముందుకీ వెనక్కీ కదలకుండా ట్రైలింగ్ ఆర్ములు, పక్కకి జరగకుండా పాన్‌హార్డ్ రాడ్ అనే అడ్డ కడ్డీ, వాటికి ఛాసిస్ మీద గట్టి వెల్డింగ్ అన్నీ కావాలి. కట్టల్లో పట్టీల రాపిడి వల్ల ఊపు కొంత తగ్గేది, ఇప్పుడు అదీ ఉండదు. పాత షాక్‌అబ్జార్బర్లే ఉంచితే బండి ఎగురుతూనే ఉంటుంది.

రోడ్డెక్కే బండైతే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి. కంపెనీ ఇచ్చిన తీరు మార్చే పనులకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది.

రోజూ లోడు వేసే బండైతే మాత్రం నేను కాయిల్ జోలికి పోను. కట్టలు విప్పి శుభ్రం చేయించి, బుష్‌లూ షాకులూ కొత్తవి వేయిస్తాను. చాలా జీపుల్లో కుదుపు సగం అక్కడే పోతుంది.